ఈయూ విదేశాంగ మంత్రుల మండలి: మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు, వాటికి జవాబులు

"యూరప్ ఆంక్షలు పెట్టింది", "యూరప్ సాయం ఆపేసింది", "యూరప్‌తో ఒప్పందం కుదిరింది" అని వార్త వచ్చిన ప్రతిసారీ నా ఫోన్‌కి అవే ప్రశ్నలు వస్తాయి. అడిగేవాళ్ళలో గ్రూప్-1కు, సివిల్స్‌కు చదివే పిల్లలున్నారు, రొయ్యల ఎగుమతిలో ఉన్న బంధువొకాయన ఉన్నాడు, కొడుకును జర్మనీ పంపిన ఒక నాన్నగారు ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయి ఇలా ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళండి. ఏ జవాబూ ఇంకోదాని మీద ఆధారపడదు.

ఒక్కటి గుర్తుంచుకుంటే సగం చిక్కు విడిపోతుంది. విదేశాంగం, వాణిజ్యం, సాయం మూడూ ఒకే మండలి బల్ల మీదికి వస్తాయి గానీ, మూడింటికీ రూల్స్ వేరు.

## అసలు వీళ్ళెవరు?

విదేశాంగ మంత్రుల మండలి అంటే ఏంటి? అందులో ఎవరెవరుంటారు?

యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల విదేశాంగ మంత్రులు కూర్చునే సభ ఇది. దాదాపు నెలకోసారి కలుస్తారు. పేరు విదేశాంగానిదే అయినా, ఎజెండాను బట్టి కుర్చీల్లో మనుషులు మారతారు. సైన్యం విషయమైతే రక్షణ మంత్రులు, పేద దేశాలకు సాయమైతే అభివృద్ధి మంత్రులు, ఎగుమతులు దిగుమతులైతే వాణిజ్య మంత్రులు వస్తారు. అందుకే "మండలి నిర్ణయించింది" అని చదివినప్పుడు ఆ రోజు ఏ మంత్రులు కూర్చున్నారో చూడాలి.

యూరోపియన్ కౌన్సిల్, కౌన్సిల్ ఆఫ్ ది ఈయూ, కౌన్సిల్ ఆఫ్ యూరప్... మూడూ ఒకటేనా?

మూడూ వేరు. పరీక్షల్లో తరచుగా మార్కులు పోయేది ఇక్కడే. యూరోపియన్ కౌన్సిల్ అంటే దేశాధినేతలు, ప్రధానుల సభ. దానికి ఇప్పుడు ఆంటోనియో కోస్టా అధ్యక్షుడు. కౌన్సిల్ ఆఫ్ ది ఈయూ అంటే మంత్రుల సభ. వ్యవసాయం, ఆర్థికం, విదేశాంగం అంటూ శాఖలవారీగా కూర్చుంటుంది. మన మండలి అందులో ఒక రూపం. కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కు ఈయూతో సంబంధమే లేదు. అది 1949లో పుట్టిన వేరే సంస్థ. 46 దేశాలు సభ్యులు, ఆఫీసు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉంది, మానవ హక్కుల కోర్టు దానిదే. పేర్లు పెట్టినవాళ్ళకు జనం మీద జాలి లేదు, అంతే.

ఈయూకి విదేశాంగ మంత్రి ఉన్నారా? కాయా కల్లాస్ పవర్ ఎంత?

పదవి ఉంది, ఆ పేరు లేదు. 2004లో రాసుకున్న ఈయూ రాజ్యాంగంలో "యూనియన్ విదేశాంగ మంత్రి" అనే రాశారు. 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రజలు రెఫరెండంలో ఆ రాజ్యాంగాన్నే తిరస్కరించారు. తర్వాత లిస్బన్ ఒప్పందంలో అదే పనిని "హై రిప్రజెంటేటివ్" అనే మెత్తని పేరుతో తెచ్చారు. 2009 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కేథరీన్ ఆష్టన్, ఫెడెరికా మొగెరీని, జోసెప్ బొరెల్ తర్వాత, 2024 డిసెంబరు 1 నుంచి ఎస్టోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్ చేస్తున్నారు. (మన పేపర్లు కాజా అని రాస్తాయి. చదివినప్పుడల్లా నాకు తాపేశ్వరం గుర్తొస్తుంది.)

ఆమెకు రెండు టోపీలు. ఒకటి ఈ మండలికి అధ్యక్షత, రెండోది యూరోపియన్ కమిషన్‌లో (ఈయూ రోజువారీ పాలన నడిపే సంస్థ) ఉపాధ్యక్ష పదవి. కింద పెద్ద దౌత్య సిబ్బంది, ప్రపంచమంతా దాదాపు 145 కార్యాలయాలు ఉన్నాయి. ఢిల్లీలో ఉన్నదీ అందులో ఒకటే. అయినా 27 మంది ఒప్పుకోని మాటను ఈయూ మాటగా చెప్పే హక్కు ఆమెకు లేదు.

ఇది ఎప్పుడు మొదలైంది?

1970లో. అప్పటికి ఆరు దేశాలే. మంత్రులు కలిసి మాట్లాడుకోవడం తప్ప కట్టుబాటేమీ లేదు. 1991లో యుగోస్లావియా విరిగిపోతున్నప్పుడు లక్సెంబర్గ్ విదేశాంగ మంత్రి జాక్ పూస్ "ఇది యూరప్ గడియ" అని ప్రకటించారు. ఆ గడియలో యూరప్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. చివరికి 1995లో శాంతి ఒప్పందం కుదిరింది అమెరికాలోని డేటన్‌లో. ఆ పరువు నష్టం వాళ్ళను బాగా కదిపింది. ఈలోగానే 1993లో మాస్ట్రిచ్ ఒప్పందంతో ఉమ్మడి విదేశాంగ విధానం కాగితం మీదికి వచ్చింది. 1999లో హవియర్ సొలానా తొలి పూర్తికాల ప్రతినిధి అయ్యారు. 2009లో లిస్బన్ ఒప్పందంతో ఇప్పుడున్న మండలి రూపం వచ్చింది.

సార్క్ విదేశాంగ మంత్రులూ కలుస్తారు కదా, తేడా ఏంటి?

సార్క్ చార్టర్‌లోనే రెండు దేశాల మధ్య గొడవలు చర్చకు తేకూడదని ఉంది. ఆఖరి శిఖరాగ్ర సభ 2014 నవంబరులో కాఠ్మాండూలో జరిగింది. ఈయూ మంత్రులు కొట్టుకున్నా వచ్చే నెల మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చోవాల్సిందే. పైగా వాళ్ళ వెనక ఉమ్మడి చట్టం, ఉమ్మడి బడ్జెట్, ఉమ్మడి కోర్టు ఉన్నాయి.

## మీటింగ్‌కు ముందు

27 మంది ఒక్క రోజులో అన్ని విషయాలు ఎలా తేలుస్తారు?

మంత్రులు వచ్చేసరికి చాలా వరకు తేలిపోయి ఉంటాయి. అట్టడుగున వర్కింగ్ పార్టీలు ఉంటాయి. ఈయూ మొత్తం మీద 150కి పైగానే. ఆసియా విషయాలకు ఒకటి, ఆంక్షల ముసాయిదాలకు ఒకటి, ఇలా. ఒక్కో దేశం నుంచి ఒక అధికారి కూర్చుని కామాల దగ్గర్నుంచి వాదించుకుంటారు. అక్కడ ముడి పడితే రాజకీయ, భద్రతా కమిటీకి వెళ్తుంది. అందులో ఉండేది రాయబారులు, సాధారణంగా వారానికి రెండుసార్లు కలుస్తారు. అదీ దాటితే కోరెపర్ అనే శాశ్వత ప్రతినిధుల కమిటీ. అక్కడా తేలనిదే మంత్రుల ముందుకు వస్తుంది. వాణిజ్యానికి దారి వేరు, దానికి ట్రేడ్ పాలసీ కమిటీ అని సొంత గుంపు ఉంది.

మన దగ్గర మధ్యవర్తులు అన్నీ మాట్లాడేశాక పెద్దమనుషులు వచ్చి తాంబూలాలు పుచ్చుకున్నట్టే. కాకపోతే తాంబూలాల వేళ అలిగే పెద్దమనుషులు ఇక్కడ కాస్త ఎక్కువ.

అన్నిటికీ కల్లాసే అధ్యక్షత వహిస్తారా?

వాణిజ్యానికి తప్ప. ఈయూలో ఆరు నెలలకో దేశం వంతున అధ్యక్ష బాధ్యత తిరుగుతుంది. 2025 రెండో సగం డెన్మార్క్, 2026 మొదటి సగం సైప్రస్, ఆ తర్వాత ఐర్లాండ్. వాణిజ్య మంత్రులు కూర్చున్న రోజు వంతున్న దేశపు మంత్రి అధ్యక్షత వహిస్తారు. మిగతా రోజుల్లో హై రిప్రజెంటేటివే.

వార్తల్లో "గిమ్నిష్" అని వస్తుంది, అదేంటి?

జర్మనీలో బాన్ నగరం దగ్గర గిమ్నిష్ అని ఒక కోట ఉంది. 1974లో విదేశాంగ మంత్రులు అధికారులను బయటే ఉంచి అక్కడ తీరిగ్గా మాట్లాడుకున్నారు. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి వంతున్న దేశంలో జరిగే ఇలాంటి భేటీకి ఆ కోట పేరే స్థిరపడింది. టై కట్టుకోనక్కర్లేదు, తీర్మానాలు చేయరు, మనసులో మాట చెప్పుకుంటారు.

పేరుకు అనధికారికమే గానీ రాజకీయం లేకుండా పోదు. 2024 జూలైలో హంగరీ ప్రధాని విక్టర్ ఓర్బాన్ ఎవరికీ చెప్పకుండా మాస్కో వెళ్ళి పుతిన్‌ను కలిశారు. ఆగస్టులో బుడాపెస్ట్‌లో జరగాల్సిన గిమ్నిష్‌ను అప్పటి హై రిప్రజెంటేటివ్ బొరెల్ బ్రస్సెల్స్‌కు మార్చేశారు. పెళ్ళికి పిలిచి పందిరి వేరే ఊళ్ళో వేసినట్టయింది హంగరీకి.

ఆఫీసు బ్రస్సెల్స్‌లో ఉంటే లక్సెంబర్గ్‌లో ఎందుకు కలుస్తారు?

1965లో సంస్థల పంపకాల్లో లక్సెంబర్గ్‌కు ఇచ్చిన మాట. ఏప్రిల్, జూన్, అక్టోబరు నెలల్లో మంత్రుల సభలు అక్కడే జరగాలి. అధికారులు ఫైళ్ళు సర్దుకుని ఆ మూడు నెలలూ తిరుగుతూనే ఉంటారు.

## ఆ రోజు గదిలో

మీటింగ్ రోజు ఎలా గడుస్తుంది?

బ్రస్సెల్స్‌లో లా వీధిలోని యూరోపా భవనం. గాజు లోపల పెద్ద లాంతరు పెట్టినట్టుంటుంది. బయటి గోడకు సభ్య దేశాల పాత ఇళ్ళ నుంచి తెచ్చిన ఓక్ చెక్క కిటికీలు బిగించారు. మీటింగ్ గది పైకప్పు, తివాచీ రంగురంగుల గళ్ళతో ఉంటాయి. ఏ ఒక్క దేశపు జెండానూ గుర్తు చేయకుండా జాగ్రత్తపడినట్టు నాకనిపిస్తుంది.

పొద్దున కార్లు ఒక్కొక్కటే వస్తాయి. మంత్రి దిగి, ఎర్ర తివాచీ మీద మైకుల ముందు ఆగి రెండు మూడు నిమిషాలు మాట్లాడతారు. దాన్ని డోర్‌స్టెప్ అంటారు. చాలా దేశాల టీవీల్లో ఆ రోజు కనిపించేది ఈ ముక్కే. మంత్రి కూడా గదిలోకంటే ఇక్కడే సొంత ఓటర్లతో ఎక్కువ మాట్లాడతారని నా అనుమానం. లోపల ఒక్కో అంశం మీద బల్ల చుట్టూ వరుసగా అభిప్రాయాలు చెప్తారు. 27 మంది తలా మూడు నిమిషాలు మాట్లాడినా గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. సున్నితమైన విషయమైతే ఫోన్లు బయట పెట్టిస్తారు. భోజనం దగ్గరా చర్చ ఆగదు, తరచుగా బయటి దేశపు మంత్రి ఒకరు అతిథిగా వస్తారు. సాయంత్రం ప్రెస్ మీట్.

ఇంకో చిన్న తమాషా. కింది స్థాయిలో ఒప్పందం కుదిరిన విషయాలను చర్చ లేకుండా ఒకే జాబితాగా ఆమోదిస్తారు. ఏ మంత్రుల సభ అయినా ఏ శాఖ విషయాన్నైనా ఇలా ఆమోదించొచ్చు. కాబట్టి విదేశాంగ మంత్రులు చేపల కోటాకు ఓకే చెప్పిన వార్త కనిపిస్తే పొరపాటు అనుకోకండి.

ఏ భాషలో మాట్లాడతారు?

ఈయూకి 24 అధికార భాషలున్నాయి. మంత్రుల సభలో దుబాసీలు అద్దాల గదుల్లో కూర్చుని అనువదిస్తారు. కింది కమిటీల్లో మాత్రం ఇంగ్లీషు, ఫ్రెంచ్‌తోనే చాలా వరకు నడిచిపోతుంది.

ఒక్క దేశం వద్దంటే మొత్తం ఆగిపోతుందా?

విదేశాంగ విధానంలో అయితే దాదాపు ఆగిపోయినట్టే. ఆంక్షలు, సైనిక మిషన్లు, ఉమ్మడి తీర్మానాలు అన్నిటికీ 27 ఓట్లూ కావాలి. 2020లో బెలారస్‌లో లుకషెంకో ప్రభుత్వపు అధికారుల మీద ఆంక్షలకు అందరూ సిద్ధమయ్యారు. సైప్రస్ మాత్రం ముందు టర్కీ సంగతి తేల్చమంది. బెలారస్‌కూ టర్కీకీ సంబంధం లేదు, అయినా వారాలు గడిచిపోయాయి. అక్టోబరులో గానీ ముడి విడలేదు. రష్యా ఆర్థిక ఆంక్షలను ఆరు నెలలకోసారి పొడిగించాలి. గడువులు జనవరి 31, జూలై 31. 2025లో ఆ తేదీలు దగ్గరపడుతుంటే హంగరీ ఏం అడుగుతుందోనని బ్రస్సెల్స్‌లో టెన్షన్ మొదలయ్యేది.

తప్పించుకునే దారులు కొన్ని కనిపెట్టారు. ఒకటి, "నేను ఓటు వేయను, అడ్డూ పడను" అని పక్కకు తప్పుకోవడం. 2008లో కొసోవో మిషన్ విషయంలో సైప్రస్ ఇలాగే చేసింది. రెండోది, గది దాటి వెళ్ళిపోవడం. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలని ప్రధానుల సభ నిర్ణయించినప్పుడు హంగరీ ప్రధాని ఓర్బాన్ కాఫీకి బయటికి వెళ్ళారు, మిగతా 26 మంది పని కానిచ్చేశారు. మూడోది, చట్టంలో వేరే ఆర్టికల్ వెతుక్కోవడం. 2025 డిసెంబరులో రష్యా సెంట్రల్ బ్యాంకు ఆస్తులను నిరవధికంగా స్తంభింపజేయడానికి ఆర్థిక అత్యవసర పరిస్థితులకు ఉద్దేశించిన ఆర్టికల్ వాడారు. దానికి మెజారిటీ చాలు. హంగరీ, స్లొవేకియా వ్యతిరేకించినా అది పాసైంది.

మరి ఆ వీటో తీసేయొచ్చు కదా?

2023 మేలో జర్మనీ, ఫ్రాన్స్ సహా తొమ్మిది దేశాలు సరిగ్గా ఇదే కోరుతూ ఒక బృందంగా ఏర్పడ్డాయి. చిక్కేంటంటే వీటో తీసేయడానికీ 27 మంది ఒప్పుకోవాలి. పిల్లి మెడలో గంట కట్టే పని పిల్లికే అప్పజెప్పినట్టుంది. చిన్న దేశాల భయాన్నీ తీసిపారేయలేం. వీటో పోతే మాల్టా మాట ఎవరు వింటారు?

"మెజారిటీ చాలు" అంటారు, ఎంత మెజారిటీ?

రెండు లెక్కలూ కుదరాలి. సభ్య దేశాల్లో 55 శాతం, అంటే 15 దేశాలు. ఆ దేశాల్లో ఈయూ జనాభాలో కనీసం 65 శాతం ఉండాలి. ఆపాలంటే కనీసం నాలుగు దేశాలు కలిసి 35 శాతం పైచిలుకు జనాభా చూపించాలి.

దీని ప్రభావం ఇజ్రాయెల్ విషయంలో తెలిసింది. 2025 మే 20న గాజా పరిస్థితి మీద ఇజ్రాయెల్‌తో ఉన్న ఒప్పందాన్ని సమీక్షించాలని నెదర్లాండ్స్ అడిగితే 17 దేశాలు సరేనన్నాయి. సెప్టెంబరులో కమిషన్ ఇంకో అడుగు వేసి, ఇజ్రాయెల్ సరుకుకు ఇస్తున్న సుంకం రాయితీలను నిలిపేద్దామంది. వాణిజ్య విషయం కాబట్టి 27 ఓట్లు అక్కర్లేదు. కానీ జర్మనీ, ఇటలీ కదల్లేదు. ఆ రెండింటి జనాభాయే ఈయూలో 30 శాతం దాటుతుంది. హంగరీ, చెక్ లాంటి మరో రెండు తోడైతే లెక్క తప్పిపోతుంది. తలలు లెక్కపెడితే ఎక్కువ దేశాలు ఒకవైపే ఉన్నా ప్రతిపాదన బల్ల మీదే ఉండిపోయింది.

"ఈయూ ఖండించింది" అని వస్తే 27 దేశాలూ ఖండించినట్టేనా?

హెడ్డింగ్ చూడండి. "యూరోపియన్ యూనియన్ తరఫున హై రిప్రజెంటేటివ్ ప్రకటన" అని ఉంటే 27 దేశాలూ ఒప్పుకున్నాయి. ఒట్టి "హై రిప్రజెంటేటివ్ ప్రకటన" అని ఉంటే అందరి సంతకం అక్కర్లేదు. చాలాసార్లు ఒకరిద్దరు మొండికేసినప్పుడు ఈ రెండో రూపంలోకి దిగుతారు. విలేకరులు ముందు చదివేది ఈ ఒక్క వాక్యమే.

## వాణిజ్యం దగ్గరికి వస్తే

వాణిజ్య ఒప్పందం కుదుర్చుకునేది ఏ దేశం? జర్మనీ మనతో విడిగా చేసుకోలేదా?

చేసుకోలేదు. సుంకాలు, దిగుమతి నిబంధనలు పూర్తిగా ఈయూ చేతిలోకి వెళ్ళిపోయాయి. మంత్రుల మండలి ముందు "ఇంతవరకు మాట్లాడి రా" అని అధికార పత్రం ఇస్తుంది. బేరమాడేది కమిషన్. ఇప్పుడు ఆ బాధ్యత మరోష్ షెఫ్‌చోవిచ్‌ది. కుదిరాక సంతకానికి మండలి ఒప్పుకోవాలి, తర్వాత యూరోపియన్ పార్లమెంటు ఆమోదించాలి.

ఇక్కడ ఫ్రాన్స్ అంతటి దేశం కాదన్నా పని ఆగకపోవచ్చు. పాతికేళ్ళు నలిగిన దక్షిణ అమెరికా దేశాల కూటమి మెర్కోసుర్‌తో ఒప్పందానికి 2026 జనవరిలో మండలి పచ్చజెండా ఊపింది. ఫ్రాన్స్, పోలాండ్ వ్యతిరేకంగా ఓటేశాయి. ట్రాక్టర్లతో రైతులు రోడ్ల మీద ఉన్నారు. అయినా పాసైంది. ఆ తర్వాత పార్లమెంటు దాన్ని ఈయూ కోర్టు అభిప్రాయానికి పంపింది, అది వేరే కథ.

కెనడా ఒప్పందాన్ని ఒక చిన్న ప్రాంతం ఆపేసిందంటారు, నిజమా?

నిజమే. కొన్ని ఒప్పందాల్లో పెట్టుబడి వివాదాల లాంటి అంశాలు దేశాల అధికార పరిధిలోకి కూడా వస్తాయి. అప్పుడు ప్రతి దేశమూ తన రాజ్యాంగం ప్రకారం ఆమోదించాలి. బెల్జియం రాజ్యాంగం ప్రకారం ప్రాంతీయ పార్లమెంట్లు కూడా సరే అనాలి. 2016 అక్టోబరులో దాదాపు 36 లక్షల జనాభా ఉన్న వలోనియా ససేమిరా అంది. కెనడా ప్రధాని ట్రూడో ప్రయాణం మానుకోవాల్సి వచ్చింది. హామీల మీద హామీలు రాసిచ్చాక అక్టోబరు 30న సంతకాలయ్యాయి. 2017 సెప్టెంబరు నుంచి తాత్కాలికంగా అమలవుతోంది. ఆ దెబ్బతో కమిషన్ పెట్టుబడి భాగాన్ని విడదీసి, సుంకాల భాగాన్ని ఒక్కటే వేగంగా నడిపించడం నేర్చుకుంది.

పేద దేశాలకు ఇచ్చే సుంకం రాయితీని మానవ హక్కుల పేరుతో తీసేస్తారా?

తీసేస్తారు, అరుదుగా. 2001 నుంచి అతి పేద దేశాల సరుకుకు ఆయుధాలు తప్ప అన్నిటికీ సుంకం లేదు. కంబోడియాలో ప్రతిపక్షాన్ని రద్దు చేయడంతో 2020 ఆగస్టు నుంచి ఆ దేశానికి అందులో సుమారు ఐదో వంతు కత్తిరించారు. శ్రీలంకకు వేరే పథకం కింద ఉన్న రాయితీ 2010లో పోయి 2017లో తిరిగొచ్చింది. అలాంటి కోతల్లో ముందు దెబ్బ తగిలేది బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టే ఆడవాళ్ళకు. మంత్రులు చెయ్యి ఎత్తడానికి తటపటాయించేది అందుకేనని అనుకుంటాను.

## సాయం డబ్బు

ఈయూ విదేశీ సాయం ఎంత? ఎవరి చేతిలో ఉంటుంది?

2021 నుంచి 2027 వరకు ప్రధాన నిధి 79.5 బిలియన్ యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే దాదాపు 8 లక్షల కోట్లు. ఖర్చు చేసేది కమిషన్, దిశ చెప్పేది మంత్రులు. ఇది కాక జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాలు సొంతంగా కూడా ఇస్తాయి. వాణిజ్యంలో లాగా సొంత హక్కు వదులుకోలేదు. దాంతో ఒకే ఆఫ్రికా ఊళ్ళో మూడు యూరప్ జెండాలతో మూడు బోర్లు వేసే పరిస్థితి రాకుండా చూడటమే సమన్వయం అనే మాటకు అసలు అర్థం.

సాయం ఆపేశామని ఒకరు, లేదని ఇంకొకరు అన్నారే, ఏది నమ్మాలి?

2023 అక్టోబరు 9 సంగతి ఇది. హమాస్ దాడి జరిగిన రెండు రోజులకు కమిషనర్ ఒలివేర్ వార్హెయీ, పాలస్తీనాకు చెల్లింపులన్నీ తక్షణం ఆపేస్తున్నామని సోషల్ మీడియాలో రాశారు. మొత్తం 691 మిలియన్ యూరోల పద్దు. కొన్ని గంటల్లోనే మానవతా సాయం ఆగదని ఇంకో కమిషనర్ చెప్పారు. రాత్రికి కమిషన్ మొత్తంగా వెనక్కి తగ్గింది. మర్నాడు విదేశాంగ మంత్రుల అత్యవసర భేటీలో అత్యధికులు ఆపడానికి వీల్లేదన్నారు. ఆ వారాంతానికి మానవతా సాయాన్ని మూడింతలు చేశారు. ఒక్క వారంలో "సున్నా" నుంచి "మూడింతలు" దాకా. ఇలాంటి వార్త వస్తే ఒక్క కమిషనర్ పోస్టు చూసి నిర్ణయానికి రావద్దు, ఒక రోజు ఆగండి.

ఉక్రెయిన్‌కు ఆయుధాలు కొన్నది కూడా ఈ సాయం డబ్బుతోనేనా?

కాదు. ఈయూ బడ్జెట్‌తో సైనిక చర్యలకు ఖర్చు పెట్టకూడదని ఒప్పందంలోనే ఉంది. అందుకే 2021లో దేశాలు విడిగా చందాలు వేసుకుని ఒక నిధి పెట్టాయి. పేరు యూరోపియన్ శాంతి నిధి. శాంతి పేరుతో ఫిరంగులు కొన్నారన్న ఎద్దేవా బ్రస్సెల్స్‌లోనూ ఉంది. 2022 ఫిబ్రవరి చివర తొలి విడతగా 500 మిలియన్ యూరోలు మంజూరు చేశారు. ఆస్ట్రియా, ఐర్లాండ్, మాల్టా ప్రాణాంతక ఆయుధాల భాగానికి దూరంగా ఉండి, అడ్డు మాత్రం పడలేదు.

## నిర్ణయం అయ్యాక

ఆంక్షలు ప్రకటిస్తారు సరే, అమలు చేసేది ఎవరు?

ఈయూకి సొంత పోలీసు లేరు. అధికారిక గెజిట్‌లో అచ్చయిన క్షణం నుంచి అది 27 దేశాల్లోనూ చట్టమే. అకౌంట్ స్తంభింపజేసేది బ్యాంకు, పడవను పట్టుకునేది ఆ దేశపు కస్టమ్స్, జరిమానా వేసేది ఆ దేశపు కోర్టు. గట్టిగా పట్టే దేశం ఒకటి, చూసీచూడనట్టు పోయే దేశం ఇంకొకటి. ఎగవేతకు దారి దొరికేది ఆ తేడాలోనే.

పేరు జాబితాలో ఎక్కినవాళ్ళు కోర్టుకు వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. లక్సెంబర్గ్‌లోని ఈయూ కోర్టులో కేసు వేస్తారు. 2008లో సౌదీ వ్యాపారి యాసిన్ కాదీ కేసులో, ఐక్యరాజ్యసమితి జాబితా ఆధారంగా పెట్టిన ఆంక్షైనా సరే, కారణం చెప్పకుండా, వాదన వినకుండా ఆస్తి ఆపడం కుదరదని కోర్టు తేల్చింది. అప్పటి నుంచి ప్రతి పేరు పక్కనా కారణాలు రాస్తున్నారు. పాత పేపర్ కటింగ్ తప్ప ఆధారం లేకపోతే మండలి ఓడిపోతుంది కూడా.

## మన దాకా వచ్చేవి

ఇండియా-ఈయూ వాణిజ్య ఒప్పందం అయిపోయిందా, ఇంకా ఉందా?

చర్చలు అయిపోయాయి. 2007లో మొదలై, కార్లు, మద్యం, వృత్తి నిపుణుల వీసాల దగ్గర చిక్కుకుని 2013లో ఆగాయి. 2022 జూన్‌లో మళ్ళీ మొదలై, 2026 జనవరి 27న ఢిల్లీ శిఖరాగ్ర సభలో ముగిశాయని ప్రకటించారు. ముందు రోజు గణతంత్ర వేడుకల్లో కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయన్, యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు కోస్టా ముఖ్య అతిథులు. ప్రకటించిన మర్నాటి నుంచే సుంకాలు తగ్గిపోవు. న్యాయపరమైన పరిశీలన, ఈయూ భాషలన్నిటిలోకి అనువాదం, మండలి అనుమతి, సంతకం, యూరోపియన్ పార్లమెంటు ఆమోదం, ఇంత దారి ఉంటుంది.

రొయ్యల కంటైనర్‌ను యూరప్‌లో తనిఖీకి ఆపితే ఈ మంత్రులను అడగాలా?

వీళ్ళకు సంబంధం లేదు. 2016 నుంచి మన చెరువు రొయ్యల సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను యాంటీబయాటిక్ అవశేషాల కోసం పరీక్షించాలన్న నిబంధన పెట్టింది కమిషన్, ఆహార భద్రత చట్టాల కింద. అంతకుముందు అది 10 శాతమే. ఏ ప్రాసెసింగ్ యూనిట్ పంపొచ్చో తేల్చే జాబితా కూడా ఆ వైపే ఉంటుంది. 2025 సెప్టెంబరులో 102 భారతీయ యూనిట్లను కొత్తగా చేర్చారు. ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచాక భీమవరం, నెల్లూరు వైపు వ్యాపారులకు ఆ వార్త కాస్త ఊపిరి. సుంకం తగ్గినా పరీక్ష తగ్గదు, రెండూ వేరు వేరు టేబుళ్ళ మీది ఫైళ్ళు.

రష్యా మీద ఆంక్షలు పెడితే గుజరాత్ రిఫైనరీ పేరెందుకు వచ్చింది?

2025 జూలై 18 నాటి 18వ ఆంక్షల ప్యాకేజీలో వాడినార్‌లోని నయారా ఎనర్జీ రిఫైనరీని చేర్చారు. అందులో రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు దాదాపు 49 శాతం వాటా ఉంది. రష్యా ముడి చమురుతో మూడో దేశంలో తయారైన పెట్రోలు, డీజిల్‌ను కూడా 2026 జనవరి 21 నుంచి ఈయూలోకి రానివ్వకూడదని అదే ప్యాకేజీలో పెట్టారు. ఏకపక్ష ఆంక్షలను గుర్తించబోమని మన విదేశాంగ శాఖ వెంటనే అంది. అయితే ఇదే మంత్రుల మండలి 2025 అక్టోబరు 20న లక్సెంబర్గ్‌లో భారత్‌తో బంధం పెంచుకునే కొత్త అజెండాకు ఆమోదం తెలిపింది. ఒక చేత్తో ఆంక్ష, ఇంకో చేత్తో ఆహ్వానం.

మా అబ్బాయి షెంగెన్ వీసా మీద వీళ్ళ గొడవల ప్రభావం ఉంటుందా?

నేరుగా ఉండదు. వీసా నియమాలు హోం మంత్రుల మండలివి. చదువుకు వెళ్ళే దీర్ఘకాలిక వీసా అయితే ఆ దేశం ఇష్టమే. చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులకు మాత్రం ఒక మంచి కబురు ఉంది. 2024 ఏప్రిల్‌లో భారతీయులకు కొత్త పద్ధతి తెచ్చారు. మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడినవాళ్ళకు రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువుంటే ఐదేళ్ళది ఇస్తారు. పాత వీసాల కాపీలు జాగ్రత్తగా పెట్టుకోండి.

ఈ మంత్రులు ఈ నెల ఏం మాట్లాడతారో ముందే తెలుస్తుందా?

తెలుస్తుంది. మండలి వెబ్‌సైట్‌లో తేదీ, ఎజెండా ముందే పెడతారు. మీటింగ్ ముగిశాక ముఖ్య ఫలితాల పేజీ అదే రోజు వస్తుంది. డోర్‌స్టెప్ వీడియోలూ ఉంటాయి. పరీక్షకు చదివేవాళ్ళకు ఫలితాల పేజీ చాలు. ఎగుమతి వ్యాపారంలో ఉన్నవాళ్ళు మాత్రం గెజిట్‌లోని అసలు పాఠం, దాని చివరి అనుబంధం తెరవాలి. పేర్లు, సరుకుల కోడ్లు ఉండేది అక్కడే.